పెరటి తలుపున్న ఓవరాల్

ఆ వీధిలో ఏ పిల్లాడి లాగు చిరిగినా, ఏ పిల్ల గౌనుకు గుండీ ఊడినా ఒకటే మాట: "లాగులక్క దగ్గరికి పో." ఆమెకు అసలు పేరు లేకపోలేదు. ఇరవై ఏళ్లుగా ఎవరూ వాడకపోవడంతో ఎప్పుడైనా ఉత్తరం మీద ఆ పేరు కనిపిస్తే ఎవరిదబ్బా అని ఆమే ఒక క్షణం ఆలోచిస్తుంది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు మేకు కొట్టి తగిలించిన కాగితపు కత్తిరింపులు, ఆమె నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు. ఆ సూదులున్నంతసేపే తన ఇంట్లో నిశ్శబ్దం ఉంటుందని ఆమె భర్త అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

పెద్దవాళ్ల బట్టలు ఆమె ముట్టదు. ఎవరైనా గుడ్డ తెస్తే ముఖం మీదే చెప్పేస్తుంది. "పెద్దవాళ్లయితే అద్దం ముందు నిలబడి వంకలు పెడతారు. పిల్లలైతే వేసుకుని పరిగెత్తుతారు. పరిగెత్తినా ఊడలేదంటే నా కుట్టు పాసైనట్టే."

అలాంటి మనిషి పెద్దవాళ్ల బట్ట, అందులోనూ బస్సుల డిపోలో గ్రీజు పూసుకుంటూ తొడుక్కునే ఓవరాల్ కుట్టిందంటే, దానికి కారణం ఒక నీళ్ల సీసా.

సీసా ఆమె చెల్లెలిది. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదని ఆ పిల్లకు పిట్ట అని పేరు పడింది. అక్క కంటే పదేళ్లు చిన్నది. అమ్మ తెల్లారకుండానే మిల్లుకు పోయేది కాబట్టి పిట్టను చంకనేసుకుని తిరిగిందీ, జడలు వేసిందీ, వీపు మీద రెండు తగిలించి బడికి పంపిందీ అన్నీ అక్కే. అమ్మ పోయాక పిట్ట అక్కాబావల దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు డిపోలో మెకానిక్. అంత పెద్ద మరమ్మతు షెడ్డులో ఆడవాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో బస్సు కిందికి దూరి ఇంజను విప్పేది ఈ పిల్ల ఒక్కతే. వీధిలో బస్సు పోతుంటే ఇంట్లో కూర్చునే, "దీనికి నాలుగో సిలిండర్ సరిగ్గా కొట్టుకోవట్లేదు" అంటుంది.

"ఇంట్లో మనుషులు దగ్గితే వినపడదు గానీ బస్సు దగ్గితే మాత్రం వినపడుతుందమ్మా దీనికి!" అని అక్క సణుగుతుంది. ఆ సణుగుడునే గర్వంగా వీధంతా చెప్పుకుని వస్తుంది కూడా.

రోజూ పొద్దున్న అక్క లీటరు సీసా నింపి చెల్లి సంచిలో పెట్టేది. సాయంత్రం ఆ సీసా నింపింది నింపినట్టే తిరిగొచ్చేది. మొదటి రోజు మరిచిపోయిందనుకుంది. రెండో రోజు విసుక్కుంది. మూడో రోజు నోట్లో సూదులు తీసి బల్ల మీద పెట్టింది. సూదులు బయటికొచ్చాయంటే ఇక చూసుకోండి.

"ఏమే, నీళ్లు తాగడానిక్కూడా నీకు బొట్టు పెట్టి చెప్పాలా? అంత బరువు మోసుకెళ్లి మోసుకురావడానికేనా నేను నింపేది? రేపటి నుంచి సీసా ఖాళీగా రాకపోతే నీకు మూడు చెరువుల నీళ్లు తాగిస్తా!"

మర్నాటి నుంచి సీసా ఖాళీగా రావడం మొదలైంది. లాగులక్క ఆనందం చెప్పనలవి కాదు. "చూశారా, నా నోరంటే అంత భయం" అని భర్త దగ్గర గొప్పలు పోయింది.

మూడు వారాలకు పిట్టకు చలిజ్వరం, నడుంలో పోటు. అక్క దాన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఈ అమ్మాయి నీళ్లు తాగడం లేదు" అంది.

"అయ్యో, తాగుతుందండీ! రోజూ సీసా ఖాళీగా వస్తోంది. నేనే కడుగుతాను."

"సీసా ఖాళీ అయిందేమో గానీ ఆ నీళ్లు ఈమె కడుపులోకి పోలేదు. నాలుగు నెలల్లో ఇది మూడోసారి నా దగ్గరికి రావడం. మీకు చెప్పలేదా?"

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నేల వైపు చూసింది. డాక్టరమ్మ మెల్లగా, అర్థమయ్యేలా చెప్పింది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది. ఇంకోసారి ఇలా అయితే కిడ్నీ దెబ్బతింటుంది. రోజంతా నీళ్లు తాగాలి, వెళ్లాల్సి వచ్చినప్పుడు వెళ్లాలి, ఆపుకోవడం మాత్రం పనికిరాదు. మందులు రాసిచ్చి, నెలన్నర తర్వాత మళ్లీ పరీక్ష చేస్తానంది.

పిట్ట అయిదు రోజులు ఇంట్లో మందులు మింగి మళ్లీ పనిలోకి పోయింది. సీసా మళ్లీ ఖాళీగానే వస్తోంది. అక్క ఈసారి గొప్పలు పోలేదు, ఊరికే చూస్తూ ఉంది.

అప్పుడు కంటబడింది ఆ మొక్క. సందు మలుపులో కరెంటు స్తంభం మొదట్లో ఎవరూ నాటకుండా మొలిచిన పిచ్చిమొక్క. ఎండలు మండిపోతున్నాయి, వీధిలో కుండీల్లో బతిమాలి పెంచుకున్న మొక్కలే మాడిపోయాయి, ఇదేమో నడుమెత్తు పెరిగి పసుపుపచ్చ పూలు పూసింది. దారపు రీళ్లు కొనుక్కొస్తున్న లాగులక్క ఆగిపోయింది. దగ్గర్లో కుళాయి లేదు. వాన చూసి రెండు నెలలైంది. "దీనికెవరు పోస్తున్నారబ్బా నీళ్లు?" అనుకుంది. అనుకోగానే పిట్ట ఖాళీ సీసా గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం సైకిళ్ల కొట్టు పక్కన నిలబడి కాపు కాసింది. పిట్ట బస్సు దిగి వచ్చింది. మలుపు దగ్గర అటూ ఇటూ చూసి, సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, లీటరు నీళ్లూ మొక్కకు పోసేసి మూత పెట్టుకుంది.

లాగులక్క అరవలేదు. పిట్ట అసలు భయపడింది అందుకే.

"డాక్టరమ్మ చెప్పింది విన్నావు కదా?" అంది ఇంటికొచ్చాక.

"విన్నా."

"మరి?"

"మా ఓవరాల్ సంగతి నీకు తెలీదక్కా" అని పిట్ట దాన్ని తొడుక్కుని చూపించింది.

మెడ నుంచి చీలమండల దాకా ఒకటే ముక్క. ముందు ఒక ప్లాస్టిక్ జిప్పు. తొడుక్కుంటే బాగానే ఉంటుంది, బాధంతా విప్పడంలోనే. పది నిమిషాల విరామంలో షెడ్డు దాటి, పాత టైర్ల గుట్ట వెనక ఉన్న మరుగుదొడ్డికి పోవాలి. జేబుల్లో రెంచీలన్నీ తీసి బయట పెట్టాలి. జిప్పు దించి, రెండు చేతులూ బయటికి లాగి, మొత్తం మోకాళ్ల దాకా దింపాలి. అక్కడ నేలంతా తడి.

"ఓవరాల్ చేతులు తడవకుండా ఒక చేత్తో పట్టుకోవాలి, పడిపోకుండా ఇంకో చేత్తో గోడ పట్టుకోవాలి. మూడో చెయ్యి దేవుడివ్వలేదు కదక్కా! మొన్న జేబులో మరిచిన పదమూడో నంబరు రెంచీ అందులో పడిపోయింది. మళ్లీ తొడుక్కుని వచ్చేసరికి గంట కొట్టేస్తారు, ఆలస్యమని అందరి ముందూ పేరు పిలుస్తారు. మగవాళ్లకేం, జిప్పు దించితే పనైపోతుంది. అందుకే మా తొమ్మిది మందిలో ఎవరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు ముట్టరు."

"అయితే మానెయ్ ఆ ఉద్యోగం."

"మానను."

"ఒళ్లు గుల్లయినా సరేనా?"

"నీకెలా చెప్పాలో తెలీట్లేదక్కా. ముక్కలు ముక్కలుగా విప్పిన ఇంజను మళ్లీ బిగించి తాళం తిప్పితే, అది ఒక్కసారి దగ్గి, మళ్లీ దగ్గి, ఉన్నట్టుండి అందుకుంటుంది చూడు. అప్పుడు నా అంత గొప్పది లోకంలో ఇంకొకతి లేదనిపిస్తుంది. నన్ను మానమనకు." ఆ మాటంటూ పిట్ట ఏడ్చేసింది. అది ఏడిస్తే అక్క తట్టుకోలేదు, కానీ ఆ రోజు తట్టుకుంది.

"డాక్టరమ్మ పరీక్షకు ఇంకా నెలుంది. ఆ లోపు నువ్వు పనిలో నీళ్లు తాగాలి. తాగలేదో, నేనే డిపోకొచ్చి నీ పేరు కొట్టేయిస్తా. ఆ తర్వాత జన్మలో నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, రెండు కిడ్నీలూ ఉంచుకునే మాట్లాడటం మానెయ్." అలా అని ఓవరాల్‌ని ఒళ్లో వేసుకుని కుట్లు తిరగేసి చూసింది. "ఎవడే దీన్ని కుట్టింది? వాడికి అక్కచెల్లెళ్లు లేరా?"

రూల్స్ పిట్ట చెప్పింది. ఒకే ముక్కగా ఉండాలి. బయటికి ఇనుము, ఇత్తడి కనిపించకూడదు, బస్సు రంగు గీసుకుపోతుంది. ఏదీ వేలాడకూడదు, ఇంజను బెల్టులో చిక్కుకుంటుంది. ఫోర్‌మన్ వీటిలో ఒక్కటి తప్పినా ఒప్పుకోడు.

మొదట అక్క నడుం వెనక ఈ పక్క నుంచి ఆ పక్కకు కోసి, అలాంటిదే ఇంకో జిప్పు పెట్టింది. పైన ఏమీ విప్పకుండా వెనక భాగం మాత్రం కిందికి దిగుతుంది. ఇంట్లో వేసి చూస్తే బ్రహ్మాండం. ఫోర్‌మన్ కంటబడకుండా పిట్ట దాన్నే డిపోకు వేసుకుపోయింది. రెండో రోజు సాయంత్రం పిట్ట నడుముకు బస్సు సీటు గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చింది. గ్రీజూ ఇనుపరజనూ కలిసి జిప్పు పళ్లలో గడ్డకట్టి అది కదలనంటే, తోటి ఆడవాళ్లు రేకు కత్తెరతో కోసి పిట్టను బయటికి తీశారట.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, రచ్చలో గ్రీజుంటుందని పెద్దలెవరూ చెప్పలేదు" అన్నాడు బావ. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, మాట కూడా అలాగే తీరిగ్గా, సన్నగా వేస్తాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి ఆయన వైపు చూశారు. ఆయన గడియారంలోకి తల దూర్చేశాడు.

రెండోసారి జిప్పు తీసేసి అయిదు పెద్ద బొత్తాలు పెట్టింది. బొత్తాలు ఇరుక్కోలేదు. కానీ మూడో రోజుకు పిట్ట వెల్లకిలా పడుకోలేకపోయింది. చొక్కా ఎత్తి చూస్తే నడుం మీద అయిదు గుండ్రటి నల్లమచ్చలు, పోస్టాఫీసులో ముద్ర గుద్దినట్టు. బస్సు కింద చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని పనిచేసే మనిషికి వెనక బొత్తాలు పెడితే ఏమవుతుంది మరి! ఇరవై ఏళ్లుగా లాగులక్క ఎవరిని కొలిచినా నిటారుగా నిలబెట్టి, చేతులు చాపించి కొలిచింది. పిట్ట రోజులో సగం పడుకునే పనిచేస్తుందన్న మాట ఆమె టేపుకు తట్టనే లేదు.

వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతుంటే అక్క కళ్లనీళ్లు ఆ మచ్చల మీద పడ్డాయి. "నా చేత్తో నేనే నీ ఒళ్లు కమిలిపోయేలా చేశానే" అంది. అప్పటికి పన్నెండు రోజులు గడిచిపోయాయి.

"వదిలెయ్ అక్కా, ఇది అయ్యే పని కాదు."

"నోర్మూసుకుని పడుకో."

"పడుకునే ఉన్నాగా?"

"ఇక్కడ కాదు. మంచం కింద. బస్సు కింద ఎలా పడుకుంటావో అచ్చం అలాగే."

పిట్ట పాత ఓవరాల్ వేసుకుని, రెంచీ బదులు గరిటె పట్టుకుని మంచం కిందికి దూరింది. వెనకే అక్క టేపుతో, సుద్దముక్కతో దూరింది. పిట్ట లేని బోల్టును గరిటెతో విప్పుతుంటే, ఒంట్లో ఏ భాగం నేలకు తగులుతోందో అక్క చేత్తో తడిమి సుద్దతో గీస్తూ పోయింది. సరిగ్గా అప్పుడే బావ ఇంటికొచ్చాడు. ఆయనకు కనిపించింది మంచం కింద నుంచి బయటికి పొడుచుకొచ్చిన నాలుగు పాదాలు.

"ఏం పోయిందర్రా? ఉంగరమా?"

"ఏమీ పోలేదు. మీ మరదలి కొలతలు తీస్తున్నా" అంది మంచం కింద నుంచి భార్య గొంతు.

"ఓహో. మరి నా కొలతలప్పుడు బీరువా మీదికెక్కాలా?"

గీతలు చూస్తే విషయం తేలిపోయింది. భుజాలు, నడుం, పిరుదులు అన్నీ నేలకు ఒత్తుకుంటాయి. ఒత్తుకోనిది ఒక్కటే చోటు, రెండు పక్కలా నడుం కింద జానెడు మేర. తలుపులా దిగే ముక్క వెనకే ఉండాలి, గొళ్లేలు మాత్రం పక్కన ఉండాలి. మరి ఏం గొళ్లెం? జిప్పుకు గ్రీజు పడదు. బొత్తాం జిడ్డు చేతికి జారిపోతుంది. హుక్కు ఇనుము. అక్క అన్నం కలుపుకుని తినకుండా పిట్ట వైపే చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ, "ఓసి నా బుర్ర మండా!" అని చెయ్యి కడిగేసుకుంది.

తన జీవితంలో కుట్టిన మొట్టమొదటి లాగు గుర్తొచ్చింది ఆమెకు. అప్పుడు తనకు పద్నాలుగేళ్లు, పిట్టకు నాలుగు. అమ్మ మిల్లుకు, తను బడికి పోతే, పిట్టను చూసుకునేది పక్కింటి ముసలమ్మ. ఆవిడకు చూపు ఆనదు. పిల్ల తన లాగు తనే విప్పుకోవాలి, తనే కట్టుకోవాలి. అందుకని దిండుగలీబు చింపి, వెనక దిగే లాగు కుట్టి, రెండు పక్కలా బొత్తాల బదులు గుడ్డను పేనిన ముడులు పెట్టింది. రేగుపండంత లావు ముడి, దానికి తగిన గుడ్డ ఉంగరం. బురద చేతులతో, చూడకుండానే, నాలుగేళ్ల పిల్ల గుచ్చి లాగేసేది.

"నాకేం గుర్తు లేదక్కా."

"నీకెందుకుంటుంది? విప్పుకోవడం నీ వంతు, ఉతకడం నా వంతు."

రెండు రోజుల్లో మూడో ఓవరాల్ తయారైంది. లోపల నడుం చుట్టూ ఒక బొందు, అది పై భాగాన్ని జారకుండా పట్టుకుంటుంది. వెనక తలుపు పై అంచు నడుం మీదికి నాలుగు వేళ్లు ఎక్కి ఉంటుంది, వంగినా సందు కనపడదు. రెండు పక్కలా రెండేసి గుడ్డ ముడులు, వాటి మీద కప్పుగా చిన్న పట్టీ. వేలాడేది లేదు, ఒత్తేది లేదు, గీసేది లేదు.

ఈసారి అక్క ఇల్లును నమ్మలేదు. ఇంట్లోకే డిపోను తెచ్చింది. తనే ఓవరాల్ వేసుకుని, రెండు చేతులూ వంటనూనెలో ముంచి, కళ్లు మూసుకుని పరదా వెనక నిలబడింది. పరదా ఇవతల బావ చేతి గడియారం పట్టుకుని కూర్చున్నాడు.

"కానియ్!"

"విప్పా! కట్టా!"

"నలభై సెకన్లు. ఏమేవ్, పెళ్లికి తయారవడానికి మూడు గంటలు పట్టింది నీకు."

"సెకన్లు లెక్కపెట్టమన్నా గానీ నా పెళ్లి తవ్వమన్నానా? మళ్లీ!"

తొమ్మిదోసారికి పద్దెనిమిది సెకన్లకు దిగింది. "వీధి తలుపు తియ్యకుండా పెరటి తలుపు తీసుకుని పోయి రావచ్చన్నమాట" అన్నాడు బావ. ఆ ఓవరాల్‌కు పెరటి తలుపు అన్న పేరు అలా స్థిరపడింది.

ఇక ఫోర్‌మన్. ఈసారి దొంగచాటుగా వద్దు, ఆయనతో చెప్పే వేసుకోవాలంది అక్క. "నువ్వు రాకక్కా, నాకు సిగ్గు" అని పిట్ట బతిమాలింది. లాగులక్క వినే రకమా? ఓవరాల్ సంచిలో పెట్టుకుని డిపోకు పోయింది. ఫోర్‌మన్ కత్తి మింగినట్టు కూర్చునే మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు.

"ఓవరాల్ మార్చకూడదమ్మా" అన్నాడు వినకముందే.

"ఎందుకు మార్చానో చెప్తాను సార్, వినండి" అని లాగులక్క చెప్పింది. తడి నేల, గోడ, లేని మూడో చెయ్యి, డాక్టరమ్మ మాట, ఏదీ దాచలేదు. ఫోర్‌మన్ చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా గోడ మీదున్న క్యాలెండర్ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ సంగతి వాళ్లెప్పుడూ నాకు చెప్పలేదమ్మా" అన్నాడు చివరికి.

"మీరెప్పుడైనా అడిగారా సార్?"

"ఎలా అడుగుతాం... ఆడపిల్లల్ని..."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. చెప్పడానికి వాళ్లకు సిగ్గు, అడగడానికి మీకు సిగ్గు. మధ్యలో మా పిల్ల కిడ్నీ పోతోంది."

ఆయన ఓవరాల్ తీసుకుని బల్ల దగ్గరికి పోయాడు. వెనక తలుపును బల్లకున్న పట్టుకారులో బిగించి, ఓవరాల్ నడుం పట్టుకుని వెనక్కి వాలి లాగాడు. ముడులు ఊడలేదు, ఆయన కాలే జారింది. అయస్కాంతం తెచ్చి నాలుగు వైపులా తిప్పాడు. ఏమీ అంటుకోలేదు. తర్వాత గ్రీజు డబ్బాలో రెండు బొటనవేళ్లూ ముంచి, ఆ చేతులతోనే ముడులు విప్పాడు, పెట్టాడు, మళ్లీ విప్పాడు.

"వారం రోజులు వేసుకోనివ్వండి. ఏదీ ఊడకపోతే మిగతా ఎనిమిది మందికీ మీరే కుట్టాలి. గుడ్డ నేనిప్పిస్తా." గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "మా అమ్మాయి కూడా ఎక్కడో ఇలాంటి పనిలోనే ఉందమ్మా. ఒకసారి ఫోన్ చేసి అడగాలి" అన్నాడు.

ఆ వారమంతా సీసా ఖాళీగా వచ్చింది. ఖాళీ సీసా చేతిలో ఒకసారి మోసపోయిన మనిషి మళ్లీ నమ్ముతుందా?

"తాగావా?"

"తాగానక్కా, నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లు పెట్టీ పెట్టీ నా జుట్టు సగమైంది. వేరే ఎవరినైనా చూసుకో."

డాక్టరమ్మ పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులుంది. అన్నాళ్లు ఆగే ఓపిక లాగులక్కకు ఎక్కడిది? ఏడో రోజు సాయంత్రం కుట్టుపని సగంలో వదిలేసి సందు మలుపుకు నడిచింది.

పిచ్చిమొక్క తల వేలాడేసింది. ఆకులు చుట్టుకుపోయాయి, పూలు రాలి స్తంభం మొదట్లో పడి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే మట్టి పొడిపొడిగా రాలింది. అంటే పిట్ట నీళ్లు తాగుతున్నట్టే. అయినా నమ్మలేదు. ఇక్కడ కాకపోతే ఇంకోచోట పారబోస్తోందేమో! అక్కడి నుంచి బస్సు ఆగే చోటు దాకా ఒక్కో చెట్టు మొదలూ, ఒక్కో గోడ వారా, ఒక్కో కాలవా వంగి వంగి తడుముకుంటూ పోయింది.

"ఏం పోయిందక్కా?" అన్నాడు సైకిళ్ల కొట్టతను.

"ఏమీ పోలేదు నాయనా. ఎక్కడైనా పోసిందేమోనని చూస్తున్నా."

ఎక్కడా తడి లేదు. వీధి వీధంతా ఎండిపోయి ఉంది. తిరిగి వచ్చి మొక్క పక్కన గొంతుక్కూర్చుని, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని లాగులక్క ఏడ్చింది. ఆ ఏడుపులో నవ్వే ఎక్కువ. పోయేవాళ్లు ఆగి చూస్తున్నా ఆమె పట్టించుకోలేదు. పిట్ట బస్సు దిగి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా? ఇక్కడ కూర్చున్నావేంటి? బావకేమైనా..."

"ఎవరికీ ఏమీ కాలేదే. చచ్చేలా ఉంది ఈ మొక్కొక్కటే."

పిట్ట మొక్క వైపు చూసింది, అక్క వైపు చూసింది. అర్థమై సిగ్గుపడి, పక్కనే కూలబడి అక్క భుజం మీద తల పెట్టింది. "రేపటి నుంచి రెండు సీసాలు పెట్టక్కా. ఒకటి చాలట్లేదు" అంది.

ఇంటికి పోగానే లాగులక్క పెద్ద చెంబు నిండా నీళ్లు పట్టుకుని మళ్లీ బయల్దేరింది. గుమ్మంలో భర్త అడ్డం వచ్చాడు. "పిచ్చిమొక్కకు నీళ్లేంటే, ఎండలకు నీకేమైనా అయిందా?"

"ఇన్నాళ్లూ నా చెల్లెలి నీళ్లు తాగి బతికిందండీ అది. ఉన్నట్టుండి నోటి దగ్గర కూడు లాగేస్తే ఎలా, పాపం?" అంది ఆమె, చెంబు తొణక్కుండా మెట్లు దిగుతూ.

మర్నాటి నుంచి పొద్దున్నే లాగులక్క మూడుసార్లు నీళ్లు పట్టేది. చెల్లెలికి రెండు సీసాలు, మొక్కకు ఒక చెంబు.